క్యాన్సర్ పరిశోధనలోకి మన పిల్లలు: దారి, తోడు, దాతల పాత్ర



మన సొసైటీకి ఏటా మీరిచ్చే డబ్బుతో ఎందరో పిల్లలు టెన్త్ దాటారు, ఇంటర్ దాటారు. కొందరు ఇంజనీరింగుకు, కొందరు ఫార్మసీకి, కొందరు నర్సింగుకు వెళ్లారు. ఇళ్లలో మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన కుటుంబాలు కూడా వీటిలో ఉన్నాయి. ఇది చిన్న సేవ కాదు. ఈ సంచికలో నేను మీ ముందు పెడుతున్నది దీనికి తరువాతి మెట్టు. చదువు చెప్పించడంతో ఆగకుండా, మన పిల్లలలో కొందరినైనా శాస్త్ర పరిశోధన వరకు, అందులోనూ క్యాన్సర్ పరిశోధన వరకు, చేయి పట్టి నడిపించగలమా అన్నది ప్రశ్న.

శ్రీకాకుళం, విజయనగరం లాంటి చోట ఇంత పెద్ద మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ మాట మన జిల్లాలకే ఎందుకు తగినదో ముందు చెబుతాను. ఆ తరువాత ఒక విద్యార్థి పరిశోధకుడు కావడానికి ఏమేమి కావాలి, అందులో డబ్బు చేసే పని ఎంత, మనిషి తోడు చేసే పని ఎంత అన్నవి వరుసగా చూద్దాం.

1. అరవై ఏళ్ల కిందటే మన ఊళ్లకు వచ్చిన పరిశోధన

మన తీరప్రాంత పల్లెల్లో చుట్టను తిరగేసి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు పెద్దవాళ్లందరికీ తెలిసినదే. దీనినే అడ్డపొగ అంటారు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. పని చేసుకుంటూ కాల్చుకోవచ్చు, గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది అని కాల్చేవాళ్లు చెప్పే కారణాలు. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. మామూలుగా పొగ తాగేవాళ్లలో గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. మన ప్రాంతంలో అది తరచుగా కనిపించింది.

ఈ సంగతి దేశదేశాల శాస్త్రవేత్తల దృష్టికి వెళ్లింది. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దంత పరిశోధన విభాగం ఒకటి ఉండేది. 1960ల రెండో సగంలో ఆ విభాగం ఎర్నాకుళం, భావనగర్, సింగ్‌భూమ్, దర్భంగా, శ్రీకాకుళం జిల్లాలలో ఇంటింటికీ వెళ్లి 50,915 మంది పల్లె ప్రజల నోళ్లు పరీక్షించింది. ఆ ఫలితాలు 1969లో అచ్చయ్యాయి. డాక్టర్ మెహతాతో పాటు డెన్మార్క్‌కు చెందిన నోటి వ్యాధుల నిపుణుడు యెన్స్ పింద్‌బోర్గ్ అందులో ముఖ్యులు. అడ్డపొగ మీదే ప్రత్యేకంగా, 10,169 మంది పల్లె ప్రజలను పరీక్షించి రాసిన వ్యాసం 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. అప్పటికి విజయనగరం జిల్లా ఏర్పడలేదు. 1979 వరకు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం ప్రాంతాలు కూడా శ్రీకాకుళం జిల్లాలోనివే. విశాఖలోని ఆంధ్ర మెడికల్ కాలేజీ పాథాలజీ వైద్యులు కూడా ఈ అంగిలి క్యాన్సర్‌ను శ్రద్ధగా పరిశోధించారు.

తరువాత 1970ల చివర మరో పెద్ద ప్రయత్నం జరిగింది. పొగాకు వాడే 36,000 మందిని ఎన్నుకుని, మానెయ్యమని ఇంటికి వెళ్లి చెప్పడం, సినిమాలు చూపడం, రేడియోలో వినిపించడం చేస్తే క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గుతాయా అని చూశారు. ఆ మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. ఓపికగా చెబితే కొందరు మానేస్తారని, మానేస్తే మచ్చలు తగ్గుతాయని తేలింది. 1986లో లాన్సెట్ పత్రిక దానిని ప్రచురించింది.

అంటే ప్రపంచ క్యాన్సర్ శాస్త్రంలో మన జిల్లా పేరు ఎప్పుడో ఎక్కింది. దంతవైద్యం చదివే పిల్లలు నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఈ అలవాటు గురించి చదువుతారు. మన నాయనమ్మలు, అమ్మమ్మలు టార్చిలైటు ముందు నోరు తెరిచి కూర్చున్నారు కాబట్టి ఆ శాస్త్రం వచ్చింది. బొంబాయి నుంచి, కోపెన్‌హాగెన్ నుంచి వచ్చినవాళ్లు మనకు మేలే చేశారు. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అయితే పరీక్ష చేయించుకున్న ఇళ్ల పిల్లలు ఆ తరువాతి తరాలలోనైనా పరీక్ష చేసేవాళ్లుగా, లెక్కలు రాసేవాళ్లుగా ఎంతమంది ఎదిగారు? ముఖ్యంగా మన సముదాయం నుంచి? ఈ రెండు జిల్లాల జనాభాలో మనం ఒక శాతం కన్నా తక్కువే. ఇంత చిన్న సముదాయంలో ఎవరూ ప్రత్యేకంగా వెతికి పట్టుకోకపోతే ఒక మంచి విద్యార్థి ఎవరి కంటా పడకుండానే చదువు మానేస్తాడు.

2. క్యాన్సర్ పరిశోధన అంటే ఎవరి పని?

మన ఇళ్లలో బైపీసీ అంటే డాక్టరు, ఎంపీసీ అంటే ఇంజనీరు. మధ్యలో మరో దారి ఉందని తెలియదు. క్యాన్సర్ పరిశోధన అంటే తెల్లకోటు వేసుకుని సూక్ష్మదర్శినిలో చూడడం ఒక్కటే అనుకుంటాం. నిజానికి అందులో నాలుగు రకాల పనులున్నాయి.

మొదటిది ప్రయోగశాల పని. మామూలు కణం క్యాన్సర్ కణంగా ఎలా మారుతుంది, ఏ మందు దానిని ఆపుతుంది అని చూసేవాళ్లు. జీవశాస్త్రం, రసాయన శాస్త్రం చదివినవాళ్లు ఇక్కడికి వస్తారు.

రెండోది ఆసుపత్రి పని. కొత్త మందు పాత మందుకంటే మేలా అని రోగుల అనుమతితో, నియమాల ప్రకారం పోల్చి చూడడం. దీనికి డాక్టర్లతో పాటు నర్సులు, ఫార్మసిస్టులు, రికార్డులు చూసే సమన్వయకర్తలు కావాలి.

మూడోది ఊళ్లలో చేసే పని. ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది, ఎందుకు ఆలస్యంగా ఆసుపత్రికి వస్తున్నారు అని కనుక్కోవడం. అడ్డపొగ పరిశోధన ఇదే.

నాలుగోది లెక్కల పని. దేశంలో క్యాన్సర్ కేసుల నమోదు కార్యక్రమాన్ని భారత వైద్య పరిశోధన మండలి 1980ల మొదట్లో ప్రారంభించింది. ఆ నమోదులు, గణాంకాలు, కంప్యూటర్ విశ్లేషణ లేకపోతే మిగిలిన మూడు పనులూ గుడ్డిగా సాగుతాయి. శ్రీకాకుళం పరిశోధనలలో పాల్గొన్న ప్రకాశ్ గుప్తా డాక్టరు కారు, గణాంక శాస్త్రం చదివినవారు. లెక్కలు బాగా వచ్చే మన పిల్లవాడు క్యాన్సర్‌ను జయించే పనిలో ఉండవచ్చు అనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

మూడో పనిలో మన ఆడపిల్లల అవసరం మరీ ఎక్కువ. రొమ్ములో గడ్డ తగిలితే అమ్మీ ఎవరికి చెబుతుంది? మగ డాక్టరుకు చూపించడానికి సంకోచం, భర్తకు చెప్పడానికి భయం, కూతురి సంబంధం చెడిపోతుందేమోనన్న బెంగ. ఇవన్నీ ఏ ప్రశ్నపత్రంలోనూ రాయరు. పక్కన కూర్చుని, ఇంట్లో మాట్లాడే ఉర్దూలో అడిగే అమ్మాయికి చెబుతారు. ఆ అమ్మాయి శాస్త్రం కూడా చదివి ఉంటే, ఆ మాటలు పది కుటుంబాలను కాపాడే విషయంగా మారతాయి.

3. ఒక ధర్మసంస్థ ఇచ్చిన మాట

దాతృత్వానికీ క్యాన్సర్ మందుకూ ఉన్న సంబంధం తెలియాలంటే ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చూడాలి. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖద్దరు కోటు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా మాత్రమే చేతికి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బు రోజుల వ్యవధిలో తీసుకుపోయింది.

ఇలాంటి పట్టా, ఇలాంటి ఇల్లు ఉన్న యువకుడు 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో ఎలా దిగగలిగాడు? మామగారు కొంత డబ్బు సమకూర్చారు. సహాయం చేస్తామని కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ మాట ఇచ్చింది. రంగూన్‌లో సంపాదించిన ఒక దాత ఆస్తితో ఏర్పడిన సంస్థ అది. అక్కడికి చేరాక కూడా ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర పని నేర్చుకున్నారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లో ప్రకటించారు. దానికి నేటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం మీద పనిచేసింది. దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, తరువాత మెథోట్రెక్సేట్ తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో చనిపోతున్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి చూశారు. 16 మందిలో 10 మందికి కొంతకాలంపాటు జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. రక్త క్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చన్న ఆశ అక్కడ మొదలైంది. మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

మనకు ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. బోదకాలు రాకుండా మన రెండు జిల్లాల్లో ఇంటింటికీ, బడి బడికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం నుంచి వచ్చినదే. భీమవరం కుర్రాడికి కాకినాడ ధర్మసంస్థ ఇచ్చిన మాట పాతికేళ్ల తరువాత ప్రపంచానికంతటికీ, అక్కడి నుంచి మన బడి వరండాలోకీ తిరిగి వచ్చింది. ఆ మాట ఇచ్చినవాళ్లు ఇంతటి ఫలితం వస్తుందని ఊహించి ఉండరు. దాత చేయగలిగింది విత్తనం వేయడమే. సదఖ జారియా అని మనం చెప్పుకునేది, మనిషి పోయాక కూడా ఆగకుండా మేలు చేసే దానం, ఇదే కదా.

ఇందులో గమనించవలసినది మరొకటుంది. డబ్బు ఆయనను ఓడ ఎక్కించింది. పరిశోధకుడిని చేసింది మాత్రం ఫిస్క్ ప్రయోగశాలలో ఏళ్లపాటు నేర్చిన పని.

4. పల్లెటూరి ముస్లిం ఇంటి నుంచి నోబెల్ వరకు

అజీజ్ సంజార్ 1946లో తుర్కియేలోని మార్దిన్ ప్రాంతంలో సావుర్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. ఎనిమిది మంది సంతానంలో ఏడోవాడు. తల్లిదండ్రులకు చదువు లేదు, కానీ పిల్లల చదువు విషయంలో రాజీ పడలేదు. డాక్టరు చదివి, తన సొంత ప్రాంతంలోనే పల్లె వైద్యుడిగా పనిచేశారు. తరువాత అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో క్లాడ్ రూపర్ట్ అనే శాస్త్రవేత్త దగ్గర డాక్టరేట్ చేశారు. అది అయ్యాక పెద్ద ప్రయోగశాలలు ఆయనను తీసుకోలేదు. యేల్ విశ్వవిద్యాలయంలో టెక్నీషియన్ ఉద్యోగానికి సైతం ఒప్పుకుని, అక్కడి నుంచే తన పని సాగించారు. ఎండ వల్ల, విషపదార్థాల వల్ల డీఎన్ఏకు తగిలిన దెబ్బను కణం తనంతట తాను ఎలా బాగుచేసుకుంటుందో కనుక్కున్నందుకు 2015లో మరో ఇద్దరితో కలిసి రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ బాగుచేత సరిగా జరగనప్పుడే అనేక క్యాన్సర్లు మొదలవుతాయి.

తల్లిదండ్రులకు చదువు లేదని, తమ ఊరు చిన్నదని వెనకడుగు వేసే పిల్లలకు ఈ జీవితం చెప్పండి. దానితోపాటు ఆయనకు రూపర్ట్ అనే ఉస్తాద్ దొరికాడన్న సంగతి కూడా చెప్పండి.

5. అమెరికాలో హిస్పానిక్ పిల్లల కోసం చేసిన ఏర్పాటు

ఒక సుబ్బారావు, ఒక సంజార్ అదృష్టవశాత్తూ దొరికిన తోడుతో పైకి వచ్చారు. తోడును అదృష్టానికి వదలకుండా ఒక ఏర్పాటుగా మార్చగలమా? అమెరికాలో కొందరు ఆ ప్రయత్నం చేశారు. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న హిస్పానిక్ ప్రజలు 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 18.7 శాతం. శాస్త్ర పరిశోధకులలో వాళ్ల వాటా మాత్రం అంతకన్నా చాలా తక్కువ. ఆ ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం పిల్లలు చాలామంది. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష. కూతురిని దూరపు ఊరికి పంపడానికి తల్లిదండ్రుల బెదురు. ఇవన్నీ మనకు కొత్త కావు.

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో డాక్టర్ అమేలీ రమిరెజ్ నాయకత్వంలో ఎక్సిటో అనే శిక్షణ కార్యక్రమం నడిచింది. స్పానిష్‌లో ఆ మాటకు విజయం అని అర్థం. మాస్టర్స్ స్థాయిలో ఉన్న విద్యార్థులను, ఆరోగ్య రంగ ఉద్యోగులను ఎన్నుకుని, వేసవిలో కొన్ని రోజులు ఒకచోట కూర్చోబెట్టేవారు. డాక్టరేట్‌కు దరఖాస్తు ఎలా రాయాలి, ఖర్చు ఎలా గడుస్తుంది, ఇంటివాళ్లను ఎలా ఒప్పించాలి అన్నవి తమ సముదాయం నుంచే ఎదిగిన పరిశోధకులు వచ్చి చెప్పేవారు. కొందరికి భృతి ఇచ్చి పరిశోధనలో పని చేయించేవారు. ప్యూర్టోరికో విశ్వవిద్యాలయం హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంతో, పోన్సే వైద్య విశ్వవిద్యాలయం ఫ్లోరిడాలోని మాఫిట్ క్యాన్సర్ కేంద్రంతో చేయి కలిపి తమ విద్యార్థులను పంపాయి. చిన్న సంస్థ విద్యార్థికి పెద్ద సంస్థ ప్రయోగశాల తలుపు తెరుచుకుంటుంది. పెద్ద సంస్థకు ఆ ప్రజల భాష, జీవితం తెలిసిన పరిశోధకులు దొరుకుతారు.

వీటి నుంచి మనం తీసుకోవలసినవి నాలుగు: చదువు మధ్యలో, ఆగిపోయే చోటనే పట్టుకోవడం; తమవాళ్లలో ముందు వెళ్లినవాళ్లను చూపించడం; కుటుంబాన్ని కలుపుకోవడం; పెద్ద సంస్థతో తలుపు తెరిపించడం. వీటిలో ఏదీ మనకు అసాధ్యం కాదు.

6. మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు?

నేను బడిలో, కుటుంబాలలో చూస్తున్నది మూడు చోట్ల.

ఒకటి, ఇంటర్ తరువాత. నీట్‌లో సీటు రాకపోతే బైపీసీ పిల్లలకు ప్రపంచం ముగిసినట్టే. ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్, మరో ఏడాది, ఆ తరువాత ఏదో ఒక కోర్సు. ఆడపిల్లకైతే పెళ్లి మాటలు.

రెండు, డిగ్రీ తరువాత. బీఎస్సీ అయ్యాక మెడికల్ రెప్ ఉద్యోగమో, గల్ఫ్ వీసానో. ఇంటి అవసరం అలాంటిది. తప్పు పట్టలేం.

మూడు, పీజీ తరువాత. పీహెచ్‌డీ అంటే ఇంకో ఐదేళ్లు ఫీజులు కట్టాలని తల్లిదండ్రులు అనుకుంటారు. జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ సాధించినవారికి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుందని, అంటే పీహెచ్‌డీ చేసే బిడ్డ జీతం లాంటిది తెచ్చుకుంటాడని చాలా ఇళ్లకు తెలియదు. ఒకప్పుడు మైనారిటీ పరిశోధక విద్యార్థులకు మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ ఉండేది. 2022-23 నుంచి దానిని నిలిపివేస్తున్నట్టు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో లోక్‌సభలో చెప్పింది. ఇప్పుడు అందరితో పాటు జాతీయ పరీక్ష రాసి గెలవాలి. అందుకే తయారీ ముందునుంచే ఉండాలి.

7. మెట్టు మెట్టుగా దారి

ఎనిమిదో తరగతిలో: ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పేద విద్యార్థులకు నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి 12,000 రూపాయలు. ఇక్కడే సైన్స్ ఇష్టం ఉన్న పిల్లలను గుర్తించాలి. మార్కులు ఒక్కటే చూడొద్దు. ఎందుకు అని పదే పదే అడిగే పిల్లను వదలొద్దు.

ఇంటర్‌లో: నీట్ రాయించండి, దానితో పాటు ఐసర్ ప్రవేశ పరీక్ష, నెస్ట్ పరీక్ష కూడా రాయించండి. ఐసర్ అంటే కేంద్ర ప్రభుత్వ శాస్త్ర విద్యా పరిశోధన సంస్థ. ఇంటర్ తరువాత ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదువు. తిరుపతిలో ఒకటి ఉంది. ఒడిశాలో బరంపురంలో ఉన్నది మనకు ఇంకా దగ్గర, పలాస నుంచి రైలులో రెండు గంటల లోపు. ఐసర్ పరీక్షలో జీవశాస్త్రం, భౌతిక, రసాయన శాస్త్రాలతో సమానంగా గణితం ప్రశ్నలూ ఉంటాయి. మన బైపీసీ పిల్లలు వెనకబడేది అక్కడే. కాబట్టి ఇంటర్ మొదటి ఏడాది నుంచే వారానికి రెండు గంటలు లెక్కలు చెప్పించే ఏర్పాటు ఉంటే చాలు, తలుపు తెరుచుకునే అవకాశం పెరుగుతుంది. ఇంటర్‌లో బోర్డు అగ్రశ్రేణిలో నిలిచి, బేసిక్ సైన్స్ చదివేవారికి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 80,000 రూపాయలు ప్రకటించారు. అందులో 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయడానికి. ఏ పథకానికైనా ఆ ఏడాది ప్రకటన చూసుకునే దరఖాస్తు చేయాలి.

డిగ్రీ, పీజీలో: దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. రెండు నెలలు పెద్ద ప్రయోగశాలలో పని. మామూలు కాలేజీ విద్యార్థి కూడా దరఖాస్తు చేయవచ్చు. వైద్యం చదివే పిల్లలకు భారత వైద్య పరిశోధన మండలి ఇలాంటి స్వల్పకాలిక విద్యార్థి ఫెలోషిప్ ఇస్తుంది. మంచి సంస్థల్లో ఎమ్మెస్సీకి జామ్, గ్యాట్-బి వంటి పరీక్షలున్నాయి.

ఆ పైన: సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లేదా భారత వైద్య పరిశోధన మండలి జేఆర్ఎఫ్. హైదరాబాదులో సీసీఎంబీ ఉంది. నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ సెంటర్ వారి యాక్ట్రెక్ క్యాన్సర్ చికిత్సకు, పరిశోధనకు ఉన్న సంస్థ. అదే టాటా మెమోరియల్ సెంటర్ కిందనే మన విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉంది. మన జిల్లాల రోగులు వైద్యానికి వెళ్లే చోటు అది. ఒకరోజు మన పిల్లలు పనికి కూడా వెళ్లవలసిన చోటు.

8. ఉస్తాద్ ఏం చేయాలి?

మెంటార్ అనే ఇంగ్లీషు మాట వింటే కొత్తగా ఉంటుంది. మనకు ఉస్తాద్, షాగిర్ద్ అన్న మాటలు కొత్త కావు. టైలర్ షాపులోనైనా, మెకానిక్ షెడ్డులోనైనా పని నేర్చేది ఉస్తాద్ పక్కన నిలబడే. అతడు పుస్తకం చదివి చెప్పడు. చేసి చూపిస్తాడు, చేయిస్తాడు, తప్పితే మళ్లీ చేయిస్తాడు. పరిశోధన కూడా అలాంటి చేతిపనే.

సొసైటీ తరఫున ఉండే ఉస్తాద్ శాస్త్రవేత్తే కానక్కర్లేదు. డాక్టరు, ఫార్మసిస్టు, ల్యాబ్ టెక్నీషియన్, లెక్చరర్, బ్యాంకు ఉద్యోగి ఎవరైనా కావచ్చు. మన సముదాయం బయటి మంచి మనసున్నవాళ్లు కూడా కావచ్చు. చేయవలసిన పనులు ఇవి: నెలకు ఒక్కసారైనా ఫోను చేయడం. పరీక్షల దరఖాస్తు తేదీలు ముందే గుర్తుచేయడం. దరఖాస్తు ఉత్తరం చదివి దిద్దించడం. ముందు వెళ్లిన విద్యార్థితో మాట్లాడించడం. ఫలితం రానప్పుడు మరుసటి రోజే ఇంటికి వెళ్లడం. గెలిచిన రోజు శాలువా కప్పేవాళ్లు చాలామంది ఉంటారు. తప్పిన రోజు వెళ్లేవాడే ఉస్తాద్.

ఆడపిల్లలకు వీలైనంతవరకు మహిళా ఉస్తాద్ ఉండాలి. హాస్టలు ఎక్కడ, ఎవరు చూసుకుంటారు, నమాజుకు, భోజనానికి వీలేమిటి అన్నవి అబ్బా, అమ్మీ అడిగే ప్రశ్నలు. అవి సబబైనవే. వాళ్లను ఒకసారి స్వయంగా ఆ సంస్థకు తీసుకెళ్లి చూపిస్తే ఇంట్లో పది మీటింగులు పెట్టినదానికంటే ఎక్కువ పని అవుతుంది.

చేయకూడనివీ ఉన్నాయి. విద్యార్థి ఇష్టం అడగకుండా దారి మనమే నిర్ణయించకూడదు. ఒక ఉస్తాద్ నెత్తిన ఇరవై మందిని పెట్టకూడదు, ఇద్దరు ముగ్గురు చాలు. చెక్కు ఇస్తూ ఫోటో తీసి బిడ్డ పేదరికాన్ని ఊరికి చాటకూడదు.

9. దాతలకు నా విన్నపం

ఒకేసారి వందమందికి తలా కొంచెం పంచడం మంచిదే. దానిని ఆపవద్దు. దానితో పాటు, ఏటా ఇద్దరు ముగ్గురిని ఎన్నుకుని, పదేళ్లు వదలకుండా వెంట ఉండే ఒక ప్రత్యేక నిధి ఏర్పాటు చేయండి. పరిశోధకుడు తయారు కావడానికి టెన్త్ నుంచి పీహెచ్‌డీ వరకు అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. మధ్యలో చేయి వదిలితే ముందు పెట్టినది కూడా వృథా అవుతుంది.

ఈ నిధి నుంచి ఖర్చయ్యేవి పెద్ద మొత్తాలు కావు. కానీ సమయానికి అందాలి. పరీక్ష దరఖాస్తు ఫీజు. పరీక్షా కేంద్రానికి రైలు ఛార్జీ, తోడు వెళ్లే అమ్మీకి కూడా. ఫెలోషిప్ మొదటి విడత ఖాతాలో పడేలోపు హాస్టలు అడ్వాన్సు, మెస్ బిల్లు. వాడుకుని తిరిగి ఇచ్చే ల్యాప్‌టాపులు. ఇంటర్ పిల్లలకు లెక్కలు, డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు రాత చెప్పేవారికి గౌరవ వేతనం. చాలామంది పిల్లలకు సీటు వచ్చి కూడా చేరలేని పరిస్థితి ఈ చిన్న ఖర్చుల దగ్గరే వస్తుంది.

జకాత్ డబ్బు ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్నది మన ఉలమాలను అడిగి, ఆ లెక్క వేరుగా రాయండి. జకాత్‌కు అర్హత లేకపోయినా అవసరం ఉన్న విద్యార్థులకు, ఉస్తాద్‌ల ప్రయాణాలకు, శిక్షణ తరగతులకు సదఖా నుంచి ఇవ్వవచ్చు. ప్రతి సంచికలో ఒక పేజీ ఈ నిధి లెక్కకు కేటాయించి, ఎంతమందిని తీసుకున్నాం, ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారు అని పేర్లు లేకుండా ప్రచురించండి.

డబ్బు ఇవ్వలేనివారు సమయం ఇవ్వండి. విశాఖలో, హైదరాబాదులో, గల్ఫ్‌లో, అమెరికాలో స్థిరపడిన మన జిల్లాల వాళ్లు నెలకు ఒక గంట ఒక విద్యార్థితో మాట్లాడితే అదీ దానమే. మా ఉపాధ్యాయులం బడిలో పిల్లలను గుర్తించి మీ వద్దకు పంపుతాం. ఆ తరువాతి దూరం ఒక్కరు నడిపించలేరు, సొసైటీ కావాలి.

అడ్డపొగ తాగే అమ్మల సంఖ్య నేడు తగ్గుతూ ఉండవచ్చు. గుట్కా, ఖైనీ వచ్చాయి. రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన ఇళ్ల ఆడవాళ్లను ఆలస్యంగా ఆసుపత్రికి చేరుస్తున్నాయి. మళ్లీ ఎవరో ఒకరు మన వీధిలోకి వచ్చి తలుపు తట్టి, నోటుబుక్కు తీసి ప్రశ్నలు అడుగుతారు. ఈసారి ఆ వచ్చినవాళ్లలో మన బిడ్డ ఒకరు ఉండాలి. ఆ రోజు కోసం ఈ ఏడాదే మొదలుపెడదాం.

మీ సంపాదనలో, ఆరోగ్యంలో, సంతానంలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. జబ్బుతో పోరాడుతున్న మన వాళ్లకు షిఫా కలుగజేయుగాక. ఆమీన్.